వృద్ధసేవ: కూలియా, కాయకమా?

వీరశైవ గృహములలో నేడు బహిరంగముగా చర్చకు రాని ధర్మసందేహ మొకటి కలదు. వృద్ధులైన తల్లిదండ్రుల స్నానము, భోజనము, మందు, పడక మొదలైన పనులను జీతమిచ్చి పెట్టుకొన్న మనుష్యులచేత చేయింపవచ్చునా? పగటివేళ వారిని వృద్ధుల కేంద్రమునకు పంపి సాయంకాలము ఇంటికి తీసికొనివచ్చుట పుత్రధర్మమునకు లోపమగునా? ఇట్టి ఏర్పాటు చేసికొన్న గృహస్థుని చూచి బంధువులు "కన్నతల్లిని కూలివారి కప్పగించినాడు" అని నిష్ఠురముగా పలుకుచుందురు. ఆ మాటకు వెరచి, ఇంటికి చుట్టములు వచ్చినపుడు ఆయాను వంటమనిషి యని చెప్పుకొను కుటుంబములు కూడ కలవు. ధర్మమైన పని యైనచో దాచవలసిన పని లేదు. అధర్మమైనచో దాచినంత మాత్రమున ధర్మము కాజాలదు. కావున బసవేశ్వరుని బోధల వెలుగులో ఈ సందేహమును విచారించుట యుక్తము.

ఈ సందేహము పూర్వులకు ఇంత తీవ్రముగా కలుగలేదు. భారతదేశమునకు స్వాతంత్ర్యము వచ్చిన నాటికి ప్రజల సగటు ఆయుర్దాయము 32 ఏండ్ల ప్రాంతమున నుండెడిది. నేడది సుమారు 70 ఏండ్లకు చేరినది. 2011 జనాభా లెక్కల నాటికే దేశమున 60 ఏండ్లు నిండినవారు 10 కోట్లకు పైగా నుండిరి. పెద్దలు చిరకాలము జీవించుట శుభమే. కాని పక్షవాతము, తుంటి ఎముక విరుగుట, మతిమరపు వ్యాధి వంటివి వచ్చినచో సేవ రోజులతో, నెలలతో ముగియక ఏండ్ల తరబడి సాగుచున్నది. జహీరాబాదు, నారాయణఖేడు ప్రాంతముల పల్లెలలో మూడు తరముల వారు ఒక్క వాకిట నివసించిన ఇండ్లవారు నేడు హైదరాబాదులో రెండు గదుల ఇంటిలో నున్నారు. కుమారుడును, కోడలును ఉద్యోగస్థులు. మనుమలు బడికి పోవుదురు. ఉదయము తొమ్మిది గంటలు మొదలు సాయంకాలము ఆరు గంటల వరకు ముసలితల్లి గోడలను చూచుచు కూర్చుండును. స్నానాల గదిలో కాలు జారిపడినచో లేవనెత్తు దిక్కు లేదు.

పూర్వపక్షము

సేవకులను పెట్టుట తగదనువారి వాదము తేలికగా త్రోసిపుచ్చదగినది కాదు. ఇష్టలింగ పూజను పరులచేత చేయింపరాదని బసవేశ్వరుడు గట్టిగా బోధించెను. ఎవరి అరచేతిలో లింగమున్నదో వారే పూజింపవలెను. భక్తునికిని భగవంతునికిని నడుమ జీతగాడు నిలువరాదు. దేవాలయమున కానుక ఇచ్చి, అర్చకునిచేత పూజ చేయించి, తాను చేతులు కట్టుకొని నిలుచు భక్తిని శరణులు అంగీకరింపలేదు. తల్లిదండ్రులను ప్రత్యక్ష దైవములుగా భావించు కుమారుడు ఆ దైవముల పూజను మాత్రము కూలిమనిషి కెట్లు అప్పగింపగలడు? లింగపూజకు పనికిరాని జీతగాడు మాతృపూజకు పనికివచ్చునా? ఇది వారి ప్రశ్న.

ఈ ప్రశ్నకు "కాలము మారినది" అనుట సమాధానము కాదు. కాలము మారినంత మాత్రమున ధర్మము మారవలెననిన ధర్మమునకు నిలుకడ యుండదు. సమాధానమును శరణ సిద్ధాంతములోనే వెదకవలెను.

కూలిలో దోషము లేదు

మొదట నిర్ణయింపవలసినది కూలి విషయము. డబ్బు పుచ్చుకొని చేయు పని హీనమైనదను భావము శరణ ధర్మమునకు విరుద్ధము. 12వ శతాబ్దమున కల్యాణములో సమావేశమైన శరణులు తమ తమ వృత్తులవలన జీవించినవారే. మడివాళ మాచయ్య బట్టలు ఉతికినాడు. నులియ చందయ్య త్రాళ్లు పేనినాడు. అంబిగర చౌడయ్య పడవ నడపినాడు. వారు పుచ్చుకొన్న ప్రతిఫలము వారి పనిని మలినము చేయలేదు. సత్యముగా చేసిన శ్రమ కాయకము. ఆ కాయకమువలన లభించినదానిని తనకొరకు మాత్రమే దాచుకొనక అర్పించుట దాసోహము. కాబట్టి కదలలేని వృద్ధురాలికి ఒడలు తుడిచి, బట్ట మార్చి, ముద్ద కలిపి తినిపించి నెల చివర జీతము తీసికొను స్త్రీ చేయునది కాయకమే. ఆమె పనిని "వట్టి కూలి" యని తీసివేయువాడు మాచయ్య కాయకమును కూడ వట్టి చాకలిపని యని తీసివేసినట్లే.

పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున స్మరించిన భక్తురాండ్రలో పిట్టవ్వ ఒకతె. పిట్టు వండి జీవించిన ఒంటరి ముదుసలి యామె. ఆమె కథ ద్రవిడదేశమున మధురానగర గాథగా మిక్కిలి ప్రసిద్ధము. వైగై నదికి వరద రాగా, కట్ట వేయుటకు ఇంటికొక మనిషిని పంపవలెనని రాజాజ్ఞ యైనది. పంపుటకు ఆ ముసలమ్మకు కొడుకు లేడు, మనుమడు లేడు. అపుడు శివుడు కూలివాని వేషమున వచ్చి, పిట్టు కూలిగా కుదుర్చుకొని, ఆమెకు బదులుగా మట్టి మోసెను. శివుడు వరమిచ్చి వరదను ఆపివేయవచ్చును గదా? అట్లు చేయలేదు. ముసలమ్మ ఇంటికి కూలిమనిషిగా వచ్చెను. దిక్కులేని వృద్ధుల ఇంటికి పనికి వచ్చు మనిషిని ఏ దృష్టితో చూడవలెనో ఈ కథ తేటతెల్లముగా చెప్పుచున్నది.

అప్పగింపరానిది ఏది?

కూలిలో దోషము లేదని తేలినంతనే కుమారుని బాధ్యత తీరినదని భావింపరాదు. కొందరు ఇచ్చట ఒక సులభమైన విభజన చేయుదురు. ఒడలికి సంబంధించిన పనులన్నియు ఆయావి. ప్రేమ, గౌరవము, పాదనమస్కారము తమవి. ఈ విభజన వినుటకు బాగుగ నున్నను శరణ మార్గమునకు సరిపడదు.

బసవపురాణములోని బెజ్జమహాదేవి కథ ఇందుకు సాక్ష్యము. శివునికి అందరు నున్నను తల్లి లేదని తలపోసి, తానే తల్లియై ఆమె శివుని సాకినది. ఆ సాకుట ఏ రూపమున జరిగినది? స్తోత్రములతో కాదు. పసిబిడ్డకు వలె లింగమూర్తికి స్నానము చేయించుట, పాలు పట్టుట, జోకొట్టుట, జబ్బు చేసినదని తల్లడిల్లుట — ఇవియే ఆమె పూజ. ఒడలికి చేయు సేవయే అచ్చట భక్తి యైనది. కాబట్టి ఒడలి సేవనంతయు పరులకు విడిచి, "భక్తిని" తనవద్ద ఉంచుకొన్న కుమారునివద్ద నిజమునకు మిగులునది స్వల్పము.

కావున గృహస్థునికి తగిన మార్గమిది. శ్రమను పంచుకొనవచ్చును, పంచుకొనుటయే మేలు. కాని తన చేతితో చేయు పనిని పూర్తిగా విడువరాదు. దినమునకు ఒక పూట భోజనము పెట్టుట, ఉదయము ముఖము కడిగి విభూతి ధరింపజేయుట, రాత్రి ఒకమారు లేచి పక్క సరిచేయుట, సెలవునాడు స్నానము చేయించుట — ఇందులో ఏదైన ఒకటి కుమారుని చేతిమీదుగా నిత్యము జరుగవలెను. తల్లి పక్కబట్ట ఒకమారు తన చేతులతో మార్చిన కుమారునికి, ఆయా దినమునకు ఐదుమార్లు ఏమి చేయుచున్నదో తెలియును. ఎన్నడును మార్చని వానికి ఆమె జీతము అధికముగను, ఆమె విశ్రాంతి సోమరితనముగను కనబడును. తల్లి మెడక్రింద చేయి వేసి లేపినవానికే ఆమె ఎంత చిక్కినదో, ఎచ్చట నొప్పి యున్నదో తెలియును. ఈ ఎరుకను డబ్బుతో కొనుట సాధ్యము కాదు. పూర్వపక్షమున నున్న సత్యమింతే: పూజను పూర్తిగా పరులపై వేయరాదు. కాని పూజకు నీరు తెచ్చు మనిషి, పూవులు కోయు మనిషి ఉండరాదని ఎవరును చెప్పలేదు.

ఒకే స్త్రీ భుజములపై

"మా ఇంట తల్లిని మేమే చూచుకొందుము, పరాయివారిని రానీయము" అని గర్వముతో చెప్పు గృహములలో ఒక మాట అడుగవలెను. ఆ "మేము" అనగా ఎవరు? చాలచోట్ల అది కోడలు ఒక్కతెయే. మంచముపట్టిన మనిషికి పడక పుండ్లు పడకుండ సుమారు రెండు గంటల కొకమారు ప్రక్క మార్చవలెనని వైద్యులు చెప్పుదురు. అనగా దినమునకు పండ్రెండు మార్లు. అందులో నాలుగైదు మార్లు రాత్రివేళ. దానికి తోడు వంట, పిల్లల చదువు, మందుల వేళలు, ఉద్యోగమున్నచో ఉద్యోగము. ఒక నెల గడచునప్పటికి నడుము పట్టును. ఆరు నెలలు గడచునప్పటికి నిద్రలేమి మాటలోనికి వచ్చును. అత్తగారు అన్నము పలుకు జారవిడిచినపుడు నోట కఠినమైన మాట వెలువడును. వెలువడిన తరువాత ఆమెయే వంటగదిలో నిలిచి కన్నీరు పెట్టుకొనును. అత్తగారు ఆనాటినుండి పక్క తడుపుదునేమో యని భయపడి నీరు త్రాగుట తగ్గించును. నీరు తగ్గి మలబద్ధకము, మూత్రవ్యాధి, మతి భ్రమించుట మొదలగును. ఇది దుష్టులైన మనుష్యుల కథ కాదు. ఇద్దరును మంచివారే. భారము మాత్రము ఒకరు మోయదగినది కాదు.

దాసోహము ఇష్టపూర్వకమైన అర్పణ. బలవంతముగా ఒకరిపై మోపి, దాని పుణ్యమును ఇంటి యజమాని తన పేర వ్రాసికొనుట దాసోహము కాదు. కల్యాణ శరణులు స్త్రీకి లింగధారణలోను, అనుభావగోష్ఠిలోను పురుషునితో సమానస్థానమిచ్చిరి. భర్త ఆయ్దక్కి మారయ్య అవసరమునకు మించిన బియ్యము ఏరి తెచ్చినపుడు, లక్కమ్మ దానిని తిరిగి ఇచ్చి రమ్మని పంపినదని శరణ చరిత్రలు చెప్పుచున్నవి. కొలతకు మించినది కాయకము కాదని భర్తకు బోధించిన గృహిణి ఆమె. ఆ లక్కమ్మ నేడు ఇట్టి ఇంటికి వచ్చినచో కోడలి తలపైనున్న కొలతకు మించిన బరువును దింపి, అందులో సగము కుమారుని నెత్తిపై పెట్టక మానదు. మిగిలినదానికి సహాయకురాలిని పిలుచుట ధర్మలోపము కాదు. ఇంట అందరి గౌరవమును నిలుపు ఉపాయము.

ఇంటికి వచ్చు సహాయకురాలు

సహాయకురాలిని పెట్టుటకు ముందు మొదట అడుగవలసినది వృద్ధులనే. ఎవరి ఒడలిని పరులు తాకబోవుచున్నారో వారి అనుమతి లేకుండ ఏర్పాట్లు జరుగరాదు. స్త్రీకి స్త్రీయే కావలెనా, స్నానము ఏ వేళ, తలుపు వేసియుంచవలెనా, ఏ పనులు తాము స్వయముగా చేసికొందురు — ఇవి వారు చెప్పవలసినవి. తమ చేత తినగలిగినవారికి తొందరకొరకు తినిపించుట సేవ కాదు. చేతకు నిలిచియున్న బలమును అది హరించును.

ఇక ఇష్టలింగము. రోగిని స్నానము చేయించువారు మెడలోని శివదారమును, లింగకాయను ఆభరణమని తలచి తీసి ప్రక్కన పెట్టుట తరచుగా జరుగుచున్నది. ఆస్పత్రిలో సైతము ఇట్లే జరుగును. లింగధారి అంగమునుండి లింగము వేరగుట వృద్ధులకు ఎంత క్షోభ కలిగించునో బయటివారికి తెలియదు. పనిలో చేరిన మొదటి దినముననే కుటుంబమువారు దీనిని మర్యాదగా వివరింపవలెను. చేయి వణకువారికి పూజావేళ కుమారుడు తన అరచేతిని వారి అరచేతి క్రింద ఆనించి నిలుపవచ్చును. పూజ వారిదే యగును. మతిమరపు వ్యాధివలన మంత్రము మరచినవారిని సైతము అదే వేళకు అదే పీటపై కూర్చుండబెట్టవలెను. మాట పోయిన తరువాత కూడ విభూతి వాసన, గంట చప్పుడు, చిన్ననాటి పాట మనసును తాకుట చాల ఇండ్లలో కనబడును.

పనిమనిషి కులము నడుగుట ఇంకను పోలేదు. "మనవారేనా?" అను ప్రశ్న మొదట వచ్చును; పని తెలియునా యను ప్రశ్న తరువాత వచ్చును. హరళయ్య కుమారునికిని మధువయ్య కుమార్తెకును జరిగిన వివాహము కొరకు ఆ తండ్రు లిద్దరు ప్రాణములర్పించిరి. వారి త్యాగమును బసవజయంతినాడు వేదికపై కీర్తించి, ఇంటికి వచ్చి ఆయాకు వేరు గ్లాసు, వేరు పళ్లెము ఉంచుట శివాచారమునకు ద్రోహము. ఇంట మాంసము వండరాదు, తేరాదు అను నియమము పెట్టుకొనుటకు గృహస్థునికి హక్కు కలదు. అది ఇంటి ఆచారము. ఒకరి పుట్టుకను విచారించుటకు మాత్రము శరణ ధర్మము హక్కు ఈయదు. తల్లి ఒడలిని తాకుటకు పనికివచ్చిన చేయి ఇంటి గ్లాసును తాకుటకు పనికిరాదనుట బుద్ధికి సైతము అందని విషయము.

సదాచార మనగా సత్యమైన లావాదేవి. పని గంటలు, జీతము, జీతమిచ్చు తేదీ, వారమునకు ఒక దినము సెలవు, భోజనము, రాత్రి నిద్రపోవు చోటు — ఇవి కాగితముపై వ్రాసికొనుట ఉభయులకు మేలు. ఏజెన్సీ ద్వారా వచ్చినచో ఇచ్చిన సొమ్ములో ఆమె చేతికి ఎంత చేరుచున్నదో విచారింపవలెను. స్నానము, భోజనము, నడిపించుట ఆయా చేయగలదు. ఇంజెక్షను, మూత్రపు గొట్టము, పుండ్లకు కట్టు వంటివి శిక్షణ పొందిన నర్సు చేయవలెను. చవుకగా ముగియునని నర్సు పనిని ఆయాచేత చేయించి, కీడు జరిగినపుడు ఆమెను నిందించుట అన్యాయము. గుర్తింపు పత్రములను చూచుట, పోలీసు విచారణ చేయించుట అవమానము కాదు; ముందుగా చెప్పి చేయవలెను. వృద్ధులతో ఏకాంతమున మాటలాడి వారి సుఖదుఃఖములను కనుగొనుట మాత్రము కుటుంబమువారు ఎన్నడును మానరాదు. ఫిర్యాదును "చాదస్తము" అని కొట్టివేయరాదు. విచారింపకుండ సహాయకురాలిపై నేరము మోపరాదు. రాత్రిదీపము, స్నానాల గదిలో పట్టుకొనుటకు కమ్మీ, జారని నేల వంటి చిన్న ఏర్పాట్లు పెద్ద ఆపదలను తప్పించును.

పగటి కేంద్రము, మఠము

రెండవ ఉపాయము పగటి సేవాకేంద్రము. వృద్ధులను ఇల్లు విడిపించి శాశ్వతముగా ఉంచు ఆశ్రమమునకును దీనికిని పోలిక లేదు. ఉదయము వచ్చుట, తోటివారితో పగలంతయు గడపుట, వేళకు భోజనము, మందు, కొద్దిపాటి వ్యాయామము, సాయంకాలము తమ ఇంటికి తాము చేరుట. రాత్రి వారి మంచము వారి ఇంటనే. కేరళ రాష్ట్రమున స్థానిక సంస్థలు "పగల్ వీడు" అను పేర ఇట్టి కేంద్రములను నడుపుచున్నవి. ఆ మాటకు పగటి ఇల్లు అని అర్థము. ఆ రాష్ట్రముననే 1993లో కోళిక్కోడున నొప్పి ఉపశమన సేవాసంఘము ఆరంభమై, క్రమముగా ఇరుగుపొరుగువారే శిక్షణ పొంది మంచముపట్టినవారి ఇండ్లకు పోవు పద్ధతి వ్యాపించినది. 2008లో ఆ రాష్ట్ర ప్రభుత్వము దానికి ఒక విధానమునే ప్రకటించినది.

అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కో నగర చరిత్ర మరింత బోధకము. అచ్చటి చైనావారి వాడలోను, దాని పరిసరములలోను నివసించు వలస కుటుంబముల వృద్ధులకు నర్సింగు హోములు నచ్చలేదు. అచ్చటి భాష వేరు, భోజనము వేరు, తమవారు దూరము. 1971లో ఆన్ లోక్ అను సంస్థ ఏర్పడి, 1973లో పగటి కేంద్రమును తెరచినది. ఆ పేరునకు శాంతి, సుఖములు గల నివాసమని అర్థము. తరువాత ఆ పద్ధతినే అనుసరించి అమెరికా ప్రభుత్వము అనేక రాష్ట్రములకు విస్తరింపజేసినది. తమ భాషలో పలుకరింపు, తమ రుచిలో భోజనము, రాత్రికి తమ ఇల్లు — వృద్ధులు కోరునది ఇంతయే యని ఆ అనుభవము తెలుపుచున్నది.

ఈ మూడింటిని సమకూర్చగలవారిలో వీరశైవ మఠముల కంటె యోగ్యులు అరుదు. మఠమునకు విశాలమైన సభామండపము కలదు. ఉత్సవ దినములు తప్ప పగలు అది ఖాళీగా నుండును. దాసోహపు వంటశాల కలదు. సాత్వికాహార నియమము కలదు. పూజాసమయములు కలవు. కావలసినవి ఏవి? మెట్ల ప్రక్క చక్రాల కుర్చీ పోవుటకు ఏటవాలు దారి, కూర్చుండుటకు అనువైన మరుగుదొడ్డి, పగలు నడుము వాల్చుటకు నాలుగు మంచములు, శిక్షణ పొందిన ఇద్దరు సహాయకులు, తీసికొనివచ్చి దింపుటకు ఒక బండి, వారమున కొకమారు వైద్యుడు, ఎవరికి ఏ మందు ఏ వేళ అని వ్రాసియుంచు ఒక పుస్తకము. మొదట వారమునకు రెండు దినములతో ఆరంభింపవచ్చును. శక్తిగలవారు రుసుము చెల్లింపవచ్చును. లేనివారికి అది దాసోహము. ప్రవేశమునకు విరాళము, ఆస్తి, వీలునామా ఏదియు షరతు కారాదు. షరతు ప్రవేశించిన చోట దాసోహము నిలువదు. ఊరిలోని ఇతర కులములవారు వచ్చినచో వారిని కూడ చేర్చుకొనుటయే బసవేశ్వరుని మఠమునకు శోభ.

అచ్చటి వృద్ధులు ఊరక కూర్చుండి తినిపోవువారుగా నుండరాదు. కాయకమునకు పదవీవిరమణ వయస్సు లేదు. వత్తులు చేయుట, కూరలు తరుగుట, పిల్లలకు వచనములు నేర్పుట, పాత లెక్కలు చూచుట — శక్తి కొలది పని అందరికిని కలదు. తాను ఇంకను ఒకరికి పనికివచ్చుచున్నానను భావము వృద్ధునికి గొప్ప ఔషధము. సమాజమున నొకరికి కష్టము కలిగినపుడు సమాజమంతయు నిలుచుట గణాచారము. ఒక కోడలు ఒంటరిగా మోయు భారమును మఠము పగటివేళ తన భుజమున నెత్తుకొనినచో అది గణాచారమే యగును.

తుమకూరు సిద్ధగంగా మఠాధిపతులు శ్రీ శివకుమార మహాస్వాములవారు 111 ఏండ్లు జీవించి, 2019 జనవరి 21న మఠముననే లింగైక్యులైరి. చివరి దినములలో వైద్యము మఠముననే ఏర్పాటు చేయబడినది. వైద్యులును, పరిచారకులును, శిష్యులును కలసి ఆ సేవ చేసిరి. జగద్విఖ్యాతుడైన స్వామి యొడలికి శిక్షణ గల పరుల చేతులు అవసరమైనపుడు ఎవరును దానిని శిష్యధర్మమునకు లోపమని యనలేదు. సామాన్య గృహస్థుని తల్లి విషయమున మాత్రము ఆ మాట ఎందులకు పుట్టవలెను?

చట్టము చేయలేనిది

2007లో పార్లమెంటు తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టమును చేసినది. పోషింపని సంతానముపై వృద్ధులు ట్రిబ్యునలును ఆశ్రయింపవచ్చును. ఆ చట్టము క్రింద నెలకు 10,000 రూపాయల వరకు భృతి ఇప్పింపవచ్చును. చూచుకొందురను షరతుతో ఆస్తి వ్రాసియిచ్చి మోసపోయినవారు ఆ దస్తావేజును రద్దు చేయించుకొనవచ్చును. వృద్ధులను విడిచిపెట్టినవారికి మూడు నెలల వరకు శిక్ష కలదు. సహాయము కోరువారికి 14567 అను టెలిఫోను నంబరు కలదు. ఇవి తెలిసియుండుట మంచిది. కాని చట్టము ధర్మమునకు నేల మాత్రమే, కప్పు కాదు. అది భృతిని ఇప్పింపగలదు. తల్లి మంచము ప్రక్కన కూర్చుండజేయలేదు.

విదేశములలోను, దూరనగరములలోను ఉన్న సంతానమునకు తమ చేతితో చేయు సేవ దుర్లభము. వారు పంపు ధనము వారి కాయకఫలమే. దానిని తక్కువ చేయరాదు. కాని దూరమునుండి ఫోనులో ఆజ్ఞలిచ్చుట, ఖర్చుల లెక్కలు నిలదీయుట, ఊరిలో ఉండి సేవ చేయు చెల్లెలిని గాని, వదినను గాని తప్పుపట్టుట సేవ కాదు. ఏడాది కొకమారు వచ్చినపుడు చుట్టపుచూపుగా గాక, పదిహేను దినములు సేవాభారమును పూర్తిగా తమపై వేసికొని, నిత్యము చేయువారిని విశ్రాంతికి పంపవలెను. అదియే వారి భృత్యాచారము.

పెద్దలకు కూడ ధర్మము కలదు. ఆయాను కసరుట, కోడలిపై బంధువులకు చెప్పుకొనుట, "నా బిడ్డలు తప్ప ఎవరును తాకరా"దని పట్టుబట్టుట తమవారిని క్రుంగదీయును. ఎన్నో ఏండ్లు ఇచ్చిన చేతులు పుచ్చుకొనుటకు నేర్చుకొనుట సులభము కాదు. అయినను వినయముతో పుచ్చుకొనుట కూడ భక్తియే. మతి స్థిరముగా నున్నపుడే ఎచ్చట ఉండగోరుదురు, ఏ వైద్యము కావలెను, ఏది వలదు, అంత్యకాలమున ఏ ఏర్పాట్లు జరుగవలెను అనునవి పిల్లలకు స్పష్టముగా చెప్పుట పెద్దరికము. పిల్లలు లేనివారు, ఉండియు అందనివారు వృద్ధాశ్రమమును ఆశ్రయించిరనిన అది కూడ పాపము కాదు. వారిని ప్రతి పండుగకు పోయి పలుకరింపనిది సమాజము తప్పు.

లింగాచారము, సదాచారము, శివాచారము, గణాచారము, భృత్యాచారము అను పంచాచారములను పుస్తకమున చదివి వల్లించుట సులభము. వృద్ధులున్న ఇంట అవి ఐదును ఒక్క దినముననే పరీక్షకు వచ్చును. వృద్ధుని పూజ నిలుచుట, జీతము సత్యముగా చెల్లుట, సేవకురాలు సమానముగా భుజించుట, పొరుగువారును మఠమును చేయందించుట, కన్నబిడ్డ తన చేతితో ఒక ముద్ద తినిపించుట — ఈ ఐదును ఉన్న ఇంట కూలి యేది, కాయక మేది యను ప్రశ్నయే పుట్టదు. వచ్చు బసవజయంతి నాటికి ప్రతి మఠమును, ప్రతి బసవ సంఘమును తన ఊరిలో మంచముపట్టినవారి ఇండ్లెన్నియో, పగలు ఒంటరిగా కూర్చుండు పెద్దలెందరో లెక్కించి, వారమునకు ఒక్క దినమైనను తన మండపమును వారికొరకు తెరచుగాక. శరణు శరణార్థి.